గ్రిన్లింగ్ గిబ్బన్స్

గ్రిన్లింగ్ గిబ్బన్స్ (ఏప్రిల్ 4, 1648 - ఆగష్టు 3, 1721) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ దారుశిల్పి. రాజభవనాలలోను, ప్రభువుల నివాసాలలోను, చర్చిలలోను గోడలకు, ద్వారబంధాలకు, చలిమంట పొయ్యిల పైభాగాలకు, చిత్రపటాల చట్రాలకు అమర్చే కొయ్య అలంకరణలను చెక్కడంలో ఇతనికి సాటి వచ్చినవారు ఆ దేశంలో లేరని ప్రతీతి. పువ్వులు, పండ్లు, ఆకులు, పక్షులు, చేపలు, సంగీత వాద్యాలు ఇతని ఉలి కింద నిజమైనవేమో అనిపించేంత సహజంగా రూపుదిద్దుకున్నాయి. రెండవ చార్లెస్ కాలంలో రాజాశ్రయం పొంది, మొదటి జార్జి పాలనలో మరణించేవరకు ఆస్థాన శిల్పిగా కొనసాగాడు. అయితే ఇతని పనితనాన్ని ఇతడు చూపదలచిన రూపంలో చూడగల అవకాశం నేటివారికి చాలావరకు లేదు. తెల్లగా ఉండాలని చెక్కిన కొయ్య గోధుమవర్ణానికి తిరిగింది, కొంత అగ్నికి ఆహుతయింది, ఇతడు చేయని పని ఎంతో ఇతని పేరున చెలామణి అయింది.

జననం, బాల్యం

గిబ్బన్స్ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఇద్దరూ ఆంగ్లేయులే. తండ్రి జేమ్స్ గిబ్బన్స్ బట్టల వర్తకుడు. తల్లి ఎలిజబెత్ పుట్టింటివారి ఇంటిపేరు గర్లింగ్. దాని నుండే గ్రిన్లింగ్ అన్న అరుదైన పేరు ఏర్పడింది. బాల్యమంతా డచ్చి వాతావరణంలో గడవడం వలన ఇంగ్లీషు వ్రాత ఇతనికి చివరివరకు సరిగా పట్టుబడలేదు. లభ్యమైన లేఖలలో అక్షరదోషాలు అనేకం కనిపిస్తాయి.

ఎవరి వద్ద శిల్పవిద్య నేర్చుకున్నాడన్న విషయానికి ఆధారపత్రాలు లభించలేదు. ఆమ్‌స్టర్‌డ్యామ్ పురభవనాన్ని శిల్పాలతో అలంకరించిన క్వెలిన్ కుటుంబపు కార్ఖానాలో శిక్షణ పొంది ఉండవచ్చునని పరిశోధకుల ఊహ. పూలను, పండ్లను దండలుగా కూర్చే పద్ధతి ఆ ప్రాంతపు శిల్పంలోను, చిత్రలేఖనంలోను అప్పటికే బాగా వ్యాప్తిలో ఉన్నందున ఈ ఊహకు బలం ఉంది.

సుమారు 1667లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఇతడు ఇంగ్లాండు చేరాడు. కొంతకాలం యార్క్ నగరంలో జాన్ ఎట్టీ అనే వడ్రంగి వద్ద పనిచేసి, తరువాత లండన్ సమీపాన ఓడల నిర్మాణానికి పేరుపొందిన డెట్‌ఫర్డ్‌కు మకాం మార్చాడు. 1666 నాటి ఘోర అగ్నిప్రమాదంలో లండన్ నగరంలో అధికభాగం బూడిద కాగా పునర్నిర్మాణం జరుగుతున్న రోజులవి. వడ్రంగులకు, తాపీ పనివారికి, శిల్పులకు చేతినిండా పని దొరికేది. 1660లో రాచరికం పునరుద్ధరింపబడిన తరువాత ప్రభువులు కూడా ప్యూరిటన్ల కాలపు నిరాడంబరతను వదలి తమ ఇళ్ళను వైభవంగా అలంకరించుకోసాగారు.

ఎవెలిన్ పరిచయం

గిబ్బన్స్ జీవితాన్ని మలుపు త్రిప్పినవాడు జాన్ ఎవెలిన్. ఇతడు తోటల పెంపకంపై, వృక్షాలపై గ్రంథాలు వ్రాసిన పండితుడు, దినచర్య రచనకు ప్రసిద్ధుడు. 1671 జనవరి 18న డెట్‌ఫర్డ్‌లోని తన నివాసానికి దగ్గరలో నడుస్తూ, పొలం మధ్య ఒంటరిగా ఉన్న ఒక పాతకొంపను చూసి కిటికీలోంచి లోనికి తొంగిచూసాడు. లోపల ఒక యువకుడు క్రీస్తు శిలువ దృశ్యాన్ని కొయ్యపై చెక్కుతూ కనిపించాడు. ఇటలీ చిత్రకారుడు టింటొరెట్టో చిత్రానికి అది శిల్పరూపం. అందులో వందకు పైగా మానవాకృతులు ఉన్నాయి. ఎవెలిన్ లోనికి వెళ్ళవచ్చునా అని అడుగగా యువకుడు మర్యాదగా తలుపు తీసాడు. ఆటంకం లేకుండా పని చేసుకోవడానికే ఆ ఏకాంత స్థలాన్ని ఎంచుకున్నానని చెప్పాడు. ఈ సంఘటనను ఎవెలిన్ అదే రోజు తేదీ క్రింద వివరంగా నమోదు చేసాడు. లేకుంటే గిబ్బన్స్ యౌవనం గురించి మనకు తెలిసేది బహు స్వల్పం.

మరుసటి నెలలో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్, నౌకాశాఖ అధికారి శామ్యూల్ పీప్స్ ఎవెలిన్ ఇంట విందుకు వచ్చినపుడు వారికి కూడా ఈ శిల్పాన్ని చూపించడం జరిగింది. మార్చి 1న ఎవెలిన్ చొరవతో గిబ్బన్స్ తన పనిని వైట్‌హాల్ రాజభవనానికి తీసుకువెళ్ళాడు. రాజు రెండవ చార్లెస్ చూసి ఆశ్చర్యపోయి, దానిని రాణి కేథరీన్ మందిరానికి పంపాడు. రాణి కూడా మొదట మెచ్చుకున్నది. అయితే విసనకర్రలు, లంగాలు అమ్ముకొనే ఫ్రెంచి స్త్రీ ఒకామె అక్కడే ఉండి, తనకేమాత్రం తెలియని విషయంలో తప్పులెన్ని, రాణి మనసు విరిచింది. బేరం కుదరలేదు. ఎవెలిన్‌కు కలిగిన ఆగ్రహం అతని వ్రాతలో స్పష్టంగా కనిపిస్తుంది. అలా తిరస్కరింపబడిన శిల్పఫలకం ప్రస్తుతం చెషైర్‌లోని డన్‌హామ్ మాసీ భవనంలో ఉన్నది.

నిజానికి ఈ తిరస్కారం గిబ్బన్స్‌కు మేలే చేసిందని చెప్పవచ్చు. మతసంబంధమైన కథాదృశ్యాలను కొయ్యపై చెక్కించుకునే అలవాటు ప్రొటెస్టెంట్ ఇంగ్లాండులో అంతగా లేదు. ఇతడు ఆ మార్గాన్నే పట్టుకుని ఉంటే పోషకులు దొరకడం కష్టమయ్యేది. ఆ దేశపు ధనవంతులకు కావలసినవి గోడల అలంకరణలు, చట్రాలు, తోరణాలు. కొద్ది సంవత్సరాలలోనే గిబ్బన్స్ ఆ వైపు మళ్ళాడు.

రాజాశ్రయం

1672లో తండ్రి ద్వారా సంక్రమించిన హక్కుతో ఇతడు లండన్‌లోని వస్త్రవర్తకుల సంఘంలో సభ్యుడయ్యాడు. జీవితచరిత్రల సామగ్రిని సేకరించిన జార్జి వెర్ట్యూ కథనం ప్రకారం, డోర్సెట్ గార్డెన్ నాటకశాలలో గిబ్బన్స్ చేసిన పనిని చూసి ఆస్థాన చిత్రకారుడు పీటర్ లెలీ ఇతనిని రాజుకు సిఫారసు చేసాడు. ఎవెలిన్ చేయలేకపోయిన పని లెలీ మాట వలన, అతని మిత్రుడైన వాస్తుశిల్పి హ్యూ మే ఆదరణ వలన నెరవేరింది.

హ్యూ మే అప్పుడు విండ్సర్ కోటను పునర్నిర్మిస్తున్నాడు. 1670వ దశకం చివరినుండి గిబ్బన్స్ అక్కడ రాజుగారి గదులలో పనిచేసాడు. రాజు భోజనశాలలో గోడలపై చేపలు, పీతలు, వేట పక్షులు, పండ్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. గది ఉపయోగానికి తగిన వస్తువులనే అలంకరణగా ఎంచుకోవడం ఇక్కడి విశేషం. ఇదే కోటలోని రాజప్రార్థనా మందిరంలో, సెయింట్ జార్జి మందిరంలో ఇతడు చేసిన పని 1820వ దశకపు మార్పులలో నాశనమైంది. హ్యూ మే కోసమే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని కాసియోబరీ భవనంలో కూడా పనిచేసాడు. ఆ భవనాన్ని 1927లో కూల్చివేసారు. అందులోని శిల్పాలు అట్లాంటిక్ దాటి అమెరికా మ్యూజియంలకు సైతం చేరాయి.

1682లో రెండవ చార్లెస్ ఫ్లారెన్స్ పాలకుడు మూడవ కోసిమో డి మెడిచికి కానుకగా ఒక ఫలకాన్ని చెక్కించి పంపాడు. శిల్పకళకు పుట్టినిల్లయిన ఫ్లారెన్స్‌కు ఇంగ్లాండు నుండి శిల్పం కానుకగా వెళ్ళడం ఆ రోజులలో ఊహించలేని సంగతి. కోసిమో ఫలకంగా పిలువబడే ఈ శిల్పం పిట్టీ రాజభవనంలో ఉన్నది. 1693లో మూడవ విలియం ప్రభుత్వం గిబ్బన్స్‌ను రాజాస్థాన ప్రధాన దారుశిల్పిగా నియమించింది.

పనితనం

గిబ్బన్స్‌కు ముందు ఇంగ్లాండు ఇళ్ళలో గోడ అలంకరణలు ఎక్కువగా ఓక్ కొయ్యతో చేసేవారు. ఓక్ గట్టిది, పోగు వెంట చీలే స్వభావం కలది. అందువలన పలకపై లోతు తక్కువ చెక్కడాలే సాధ్యమయ్యేవి. గిబ్బన్స్ లైమ్ కొయ్యను ఎంచుకున్నాడు. పేరును చూసి దీనిని నిమ్మచెట్టుగా పొరబడరాదు. ఇది టిలియా ప్రజాతికి చెందిన, ఐరోపా చల్లని ప్రాంతాలలో పెరిగే పెద్ద వృక్షం. లిండెన్ అని కూడా అంటారు. దీని కొయ్య తెల్లగా, మెత్తగా, ఒకే తీరు పోగుతో ఉంటుంది. ఏ దిశలో ఉలి పెట్టినా చీలిపోకుండా తెగుతుంది. జర్మనీ శిల్పులు అంతకు ముందే దీనిని విగ్రహాలకు వాడినా, గదుల అలంకరణలో దీని శక్తిని ఇంగ్లాండుకు చూపినవాడు గిబ్బన్స్.

ఇతని పద్ధతిలో చెక్కడం గోడ పలకలోనే ఉండదు. ముందుగా గోడకు ఓక్ పలకలతో తాపడం చేస్తారు. లైమ్ కొయ్యలో విడిగా చెక్కిన దండలను, గుత్తులను దానిపై మేకులతో బిగిస్తారు. అవసరాన్ని బట్టి రెండు మూడు పొరలను వేర్వేరుగా చెక్కి ఒకదానిపై ఒకటి అమర్చడం వలన పువ్వు వెనుక ఆకు, ఆకు వెనుక కాడ, దాని వెనుక నీడ కనిపిస్తాయి. ప్రతి రేకునూ వెనుకవైపు నుండి తొలిచి కాగితమంత పలుచన చేస్తారు. ముందునుండి చూసేవారికి ఆ పలుచని అంచు మాత్రమే కనబడుతుంది. కాడలు కొన్ని పుల్లల కంటే సన్నగా ఉంటాయి. లడ్గేట్ హిల్ వద్ద గిబ్బన్స్ నివసించినపుడు అతడు చెక్కిన ఒక పూలకుండీ వీధిలో బండ్లు వెళ్ళినప్పుడల్లా నిజమైన పూలవలె కదిలేదని పద్దెనిమిదవ శతాబ్దపు రచయిత హొరేస్ వాల్పోల్ వ్రాసాడు.

చెక్కిన తరువాత వార్నిష్‌గానీ, రంగుగానీ పూసేవారు కాదు. ముదురు ఓక్ గోడపై పాలమీగడ రంగు పూలు వెలుగుతున్నట్లు కనిపించడమే అసలు ఉద్దేశం. ఈ తేడా లేకపోతే లోతులు, నీడలు కలిసిపోయి ఎంత సూక్ష్మమైన పని అయినా ముద్దగా కనిపిస్తుంది.

అన్నిటినీ గిబ్బన్స్ ఒక్కడే చెక్కాడనుకోరాదు. ఇతని కార్ఖానాలో అనేకమంది సహాయకులు పనిచేసేవారు. భవన నిర్మాణ లెక్కలలో పని రెండు తీరులుగా కనిపిస్తుంది. గోడ పైఅంచు కార్నిస్‌లు, ద్వారబంధాల చుట్టూ ఆకుల వరుసలతో సాగే అంచుపట్టీలు అడుగుల కొలతతో లెక్కగట్టేవారు. ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వచ్చే ఈ పట్టీలను శిక్షణ పొందిన పనివారు పూర్తిచేయగలరు. పూలగుత్తులు, కానుక ఫలకాలు వంటివి ప్రధాన శిల్పి చేతిని కోరేవి. గిబ్బన్స్ పేరు గుత్తులతో ముడిపడినా అతని కార్ఖానాకు నిలకడగా ఆదాయం తెచ్చినవాటిలో అడుగుల లెక్క పట్టీలూ ఉన్నాయి.

ప్రముఖమైన పనులు

డెర్బీషైర్‌లోని సడ్‌బరీ హాల్‌లో చలిమంట పొయ్యి పైభాగపు అలంకరణకు 1678లో ఇతనికి 40 పౌండ్లు ముట్టాయి. లండన్ పికడిల్లీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో (1684) ప్రార్థనావేదిక వెనుక లైమ్ కొయ్య అలంకరణ, పాలరాతి జ్ఞానస్నాన పాత్ర ఇతనివే. తరువాతి కాలంలో కవి విలియం బ్లేక్‌కు జ్ఞానస్నానం జరిగింది ఈ పాత్రలోనే. 1940లో బాంబుదాడికి చర్చి తీవ్రంగా దెబ్బతిన్నా ఈ రెండూ మిగిలాయి.

ససెక్స్‌లోని పెట్‌వర్త్ భవనంలో సోమర్‌సెట్ ప్రభువు కోసం 1690వ దశకం తొలినాళ్ళలో చేసిన పని ఇతని కృతులలో శిఖరప్రాయమని పలువురి అభిప్రాయం. వయొలిన్, వేణువులు, స్వరాలు వ్రాసిన కాగితపు చుట్టలు, పురాతన పద్ధతి కలశాలు, పూలబుట్టలు చిత్రపటాల చుట్టూ అల్లుకొని ఉంటాయి. అదే భవనంలో జాన్ సెల్డెన్ అనే స్థానిక శిల్పి కూడా చెక్కాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో జొనాథన్ రిట్‌సన్ మరికొంత చేర్చాడు. కావున నేడు చెక్కడాల గదిగా పిలిచే ఆ విశాలమైన గదిలో ముగ్గురి పనీ కలగలిసి ఉంది.

సెయింట్ పాల్స్ కెథడ్రల్ గాయకమండలి ఆసనాలు, ఆర్గన్ పెట్టె చెక్కడాలను క్రిస్టఫర్ రెన్ పర్యవేక్షణలో చేసాడు. 1697 డిసెంబరులో ఆ భాగంలో ప్రార్థనలు మొదలయ్యాయి. రెన్ నిర్మించిన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో పుస్తకాల బీరువాల చివర లైమ్ కొయ్యతో వంశచిహ్నాలను చెక్కాడు. హాంప్టన్ కోర్టు రాజభవనంలో మూడవ విలియం గదుల అలంకరణ 1699 తరువాత చేపట్టిన పెద్ద పని.

వీటికి భిన్నంగా ఏ గోడకూ చెందని చిన్న వస్తువు ఒకటి ఉంది. సుమారు 1690లో వెనీసు సూదిలేసును అనుకరిస్తూ ఇతడు మెడపట్టీని కొయ్యపై చెక్కాడు. వాల్పోల్ 1769లో విదేశీ అతిథులకు స్వాగతం పలుకుతూ దీనిని మెడలో ధరించాడు. అతిథుల సేవకులలో కొందరు ఇంగ్లాండు పెద్దమనుషుల వేషధారణ ఇదేనని నమ్మారట. ప్రస్తుతం ఇది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

రాతి శిల్పాలు

విగ్రహాలలోను, సమాధి శిల్పాలలోను గిబ్బన్స్‌కు కొయ్యలో వచ్చినంత పేరు రాలేదు. 1680వ దశకంలో ఫ్లాండర్స్ శిల్పి ఆర్నాల్డ్ క్వెలిన్‌తో భాగస్వామ్యం నడిచినా అది ఎక్కువకాలం నిలవలేదు. ట్రఫాల్గర్ స్క్వేరులోని రెండవ జేమ్స్ విగ్రహం (1686) ఇతని కార్ఖానాదే అయినా అందులో సహాయకుల పాత్రే ఎక్కువన్నది పరిశోధకుల అభిప్రాయం. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని నౌకాదళాధిపతి క్లౌడెస్లీ షోవెల్ సమాధి తీవ్ర విమర్శకు గురయింది. సముద్రంపై జీవితం గడిపిన యోధుని పెద్ద విగ్గుతో, మెత్తల మీద ఆనుకున్న విలాసపురుషునిగా చూపడాన్ని జోసెఫ్ అడిసన్ 1711లో ఎగతాళి చేసాడు. ఆ విమర్శ న్యాయమైనదేనని సమాధిని చూసినవారు అంగీకరిస్తారు.

కుటుంబం, మరణం

గిబ్బన్స్ భార్య పేరు ఎలిజబెత్. వీరికి చాలామంది సంతానం. 1678 ప్రాంతం నుండి కోవెంట్ గార్డెన్ సమీపంలోని బో వీధిలో నివసించారు. 1702లో ఆ ఇల్లు కూలిపోయింది. అదృష్టవశాత్తు కుటుంబమంతా ప్రాణాలతో బయటపడింది. తరువాత అక్కడే ఇటుకలతో మళ్ళీ కట్టుకున్నారు. గాడ్‌ఫ్రే నెల్లర్ చిత్రించిన గిబ్బన్స్ చిత్రపటం రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. 1719లో భార్య మరణించింది. 1721 ఆగష్టు 3న గిబ్బన్స్ కన్నుమూసాడు. కోవెంట్ గార్డెన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో సమాధి చేసారు. పేరు ఒకటే అయినా ఇది ఇతడు చెక్కిన కెథడ్రల్ కాదు.

అప్పటికే అభిరుచులు మారిపోయాయి. గచ్చుతో పోతపోసే అలంకరణలు చౌకగా, త్వరగా తయారయ్యేవి. లైమ్ కొయ్య చెక్కడాలకు గిరాకీ పడిపోయింది.

పేరు వెనుక చిక్కులు

గిబ్బన్స్ తన పనిలో బఠానీ కాయను గుర్తుగా చెక్కేవాడని, సొమ్ము ముట్టితే కాయ విచ్చుకుని, ముట్టకపోతే మూసుకుని ఉండేదని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనికి ఆధారం లేదు. బఠానీ కాయలు ఇతర శిల్పుల పనిలోనూ కనిపిస్తాయి.

ఇంతకంటే చిక్కైనది ఆపాదనల విషయం. పాత ఇంట్లో మంచి కొయ్య చెక్కడం కనబడితే చాలు, అది గిబ్బన్స్‌దే అని చెప్పుకోవడం ఇంగ్లాండులో ఆనవాయితీ అయింది. చాట్స్‌వర్త్ భవనపు చెక్కడాలు చాలాకాలం ఇతని పేరునే ఉండేవి. లెక్కల పత్రాలు పరిశీలించగా అవి శామ్యూల్ వాట్సన్, అతని సహచరుల పని అని తేలింది. బెల్టన్ భవనానికి ఎడ్మండ్ కార్పెంటర్ పనిచేసిన దాఖలా ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని కాసియోబరీ మెట్లవరుసను కూడా ఇపుడు ఎడ్వర్డ్ పియర్స్‌దిగా భావిస్తున్నారు. గిబ్బన్స్ కీర్తి వలన ఇంత నేర్పరులైన శిల్పులు రెండు శతాబ్దాలపాటు అనామకులుగా మిగిలిపోవడం విచారకరం.

రంగు మారిన కొయ్య, 1986 అగ్నిప్రమాదం

పద్దెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దాలలో యజమానులు ఈ చెక్కడాలకు నూనె, మైనం, వార్నిష్, కొన్నిచోట్ల రంగులు కూడా పూసారు. చెక్కపురుగు నుండి కాపాడాలనే ఉద్దేశంతో మరికొన్ని మందులు పట్టించారు. దుమ్ము, పొగ తోడై కొయ్య ముదురు గోధుమరంగుకు మారింది. దాని వలన ఓక్ గోడకు, లైమ్ పూలకు మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది. పాత కొయ్య అంటే ముదురు రంగులోనే ఉండాలన్న భావన ప్రజలలో బలపడింది.

1986 మార్చి 31న హాంప్టన్ కోర్టు రాజభవనంలో మంటలు చెలరేగి మూడవ విలియం గదులు దెబ్బతిన్నాయి. ఒక వృద్ధురాలు మరణించింది. గిబ్బన్స్ చెక్కడాలలో అనేకం కాలి, తడిసి పాడయ్యాయి. సుమారు ఏడడుగుల పొడవున్న ఒక వేలాడే గుత్తి పూర్తిగా నాశనమైంది. దానిని తిరిగి చెక్కే పనిని అమెరికా దారుశిల్పి డేవిడ్ ఎస్టర్లీకి అప్పగించారు. ఇతడు గురువు లేకుండా గిబ్బన్స్ పనిని చూసి స్వయంగా నేర్చుకున్నవాడు.

ఏడాదికి పైగా హాంప్టన్ కోర్టులో పాత శిల్పాలను గోడనుండి దించి బల్లపై చేతికందేలా చూడడంతో, మూడు వందల ఏళ్ళుగా ఎవరికీ కనబడని వెనుకభాగాల ఉలి గుర్తులు బయటపడ్డాయి. ఉపరితలంపై సన్నని గీతలను పరిశీలించిన ఎస్టర్లీ, గాజుకాగితం లేని ఆ కాలంలో కొయ్యను నునుపు చేయడానికి హార్స్‌టెయిల్ అనే గరుకు గడ్డివంటి మొక్క కాడలను వాడేవారని నిర్ణయించాడు. ఈ మొక్కలో సహజంగానే సిలికా ఉంటుంది. శిల్పాలన్నిటికీ మొదటి లేత రంగును తిరిగి తేవాలని కూడా అతడు గట్టిగా వాదించాడు. పునరుద్ధరించిన గదులు 1992లో తెరుచుకున్నాయి. కొత్త గుత్తిని కాలిపోయిన దాని స్థానంలోనే అమర్చారు. ఈ అనుభవాన్ని ఎస్టర్లీ 2012లో గ్రంథంగా వెలువరించాడు. 1998లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జరిగిన గిబ్బన్స్ ప్రదర్శనకు రూపకల్పన చేసింది కూడా అతడే.